ఖాళీ కుర్చీ పెట్టిన సంతకం (నీళ్లు – చట్టాలు: 6వ భాగం)



చట్టం చేతికొస్తే మనం ముందుగా ఏం వెతుకుతాం? నేరం, శిక్ష, జరిమానా. "బోర్డు ఏర్పాటు, సభ్యుల అర్హతలు, ఉద్యోగుల నియామకం" అని ఉన్న అధ్యాయం కనబడగానే పేజీ తిప్పేస్తాం. అదేదో ఆఫీసు గొడవ, మనకెందుకులే అనుకుంటాం. ఈ భాగమంతా ఆ తిప్పేసిన పేజీ గురించే. మన వాడ పక్కన పారే వాగు రంగు చాలాసార్లు నిర్ణయమయ్యేది అక్కడే కాబట్టి.

1974 నీటి చట్టం తెరవండి. పూర్తి పేరు నీటి (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టం. ఫ్యాక్టరీ తన వ్యర్థజలాన్ని వాగులోకో మురుగు కాలువలోకో వదలాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర అనుమతి తీసుకోవాలి. ఇది సెక్షన్ 25. అదే సెక్షన్‌లో ఏడో ఉపసెక్షన్ ఏమంటుందంటే, అన్ని వివరాలతో దరఖాస్తు ఇచ్చాక నాలుగు నెలల్లోగా బోర్డు ఇస్తామని గానీ ఇవ్వమని గానీ చెప్పకపోతే, ఏ షరతూ లేకుండా అనుమతి ఇచ్చినట్టే లెక్క.

ఇంకోసారి చదవండి. ఏ షరతూ లేకుండా! బోర్డు ఇంజినీరు ఫైలు చూసి ఇచ్చే అనుమతికైతే షరతులుంటాయి. ఇంత శుద్ధి చేయాలి, ఇన్ని లీటర్లకు మించి వదలకూడదు అని. ఆ ఇంజినీరు పోస్టే ఖాళీగా ఉండి ఫైలు మూలన పడితే షరతు కూడా ఉండదు. అంటే చట్టం దృష్టిలో ఖాళీ కుర్చీ కూడా సంతకం పెడుతుంది. అదీ ఎప్పుడూ ఒకే వైపుకి.

మరి ఆ కుర్చీలు ఎవరివి? సెక్షన్ 4 లెక్క ప్రకారం రాష్ట్ర బోర్డులో ఎక్కువలో ఎక్కువ 17 మంది. ఒక చైర్మన్. ప్రభుత్వం తరఫున ఐదుగురికి మించకుండా అధికారులు. స్థానిక సంస్థల సభ్యుల నుంచి ఐదుగురి దాకా. వ్యవసాయం, చేపల పెంపకం, పరిశ్రమ, వ్యాపారం లేదా ప్రభుత్వానికి తోచిన మరే ప్రయోజనం తరఫునైనా ముగ్గురి దాకా అనధికారులు. ప్రభుత్వ కంపెనీల నుంచి ఇద్దరు. పూర్తికాలం పనిచేసే మెంబర్ సెక్రటరీ ఒకరు. పరిశ్రమకు కుర్చీ పేరు పెట్టి మరీ ఉంది. ఆ నీళ్లు తాగేవాళ్లకు, ఆ మురుగులో దిగి పనిచేసేవాళ్లకు పేరు పెట్టిన కుర్చీ ఒక్కటీ లేదు. నామినేట్ అయ్యే ఈ సభ్యుల్లో ఎస్సీలు, ఎస్టీలు ఇంతమంది ఉండాలన్న మాట కూడా ఆ సెక్షన్‌లో లేదు. "మరే ప్రయోజనమైనా" అన్న పదాల్లోంచి మనవాళ్లను కూచోబెట్టొచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. కూచోబెట్టొచ్చు. కానీ ప్రభుత్వానికి తోచాలి.

పక్కనే సెక్షన్ 6 ఉంది, ఎవరు సభ్యులు కాకూడదో చెప్పేది. దివాలా తీసినవాళ్లు, ఈ చట్టం కింద శిక్ష పడ్డవాళ్లు, అలా వరుసగా ఉంటుంది. మురుగునీటి శుద్ధి యంత్రాలు తయారుచేసి అమ్మే కంపెనీలో వాటా ఉన్నవాళ్లు కూడా పనికిరారు. బావుంది, బోర్డులో కూచుని తమ యంత్రాలే కొనిపించకుండా ఆపడానికి. కానీ మురుగు పుట్టించే కంపెనీలో వాటా ఉన్నవాళ్ల మాటేమిటి? ఆ జాబితాలో వాళ్లు లేరు. శుభ్రం చేసే సరుకు అమ్మేవాడు అనర్హుడు, మురికి చేసేవాడికి అడ్డు లేదు. వేల ఏళ్లుగా ఊళ్లో నడుస్తున్న లెక్కే పార్లమెంటు భాషలో చదివినట్టు ఉంటుంది నాకైతే.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. నిపుణుల బోర్డు అనే ఆలోచన ఈ దేశంలో 1974లో పుట్టింది కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 జులై నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరు. అప్పట్లో నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేవి. 1943లో దామోదర్ నది పొంగి బెంగాల్‌ను ముంచింది. నదులను, కరెంటును రాజకీయ నాయకుల ఇష్టాయిష్టాలకు వదలకూడదని, చదువుకున్న ఇంజినీర్లతో శాశ్వత సంస్థలు కావాలని ఆ శాఖ నిర్ణయించింది. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు వచ్చింది. 1945లో కేంద్ర జలమార్గాల, నీటిపారుదల, నౌకాయాన కమిషన్ వచ్చింది. దానికి మొదటి చైర్మన్ ఎ.ఎన్. ఖోస్లా, స్వయంగా ఇంజినీరు. ఇవాళ్టి కేంద్ర జల సంఘానికి మూలం అదే.

ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో అక్కడక్కడా దొరుకుతుంది. దొరకనిది దీని రెండో సగం. అదే మనిషి 1942 అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయ్‌కి ఒక వినతిపత్రం ఇచ్చాడు. అందులో అడిగినవాటిలో ముఖ్యమైనది, మన పిల్లలు సైన్సు, టెక్నాలజీ చదవడానికి, విదేశాల్లో కూడా చదవడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు. 1943 ఆగస్టులో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8⅓ శాతం రిజర్వేషన్ సాధించాడు. అంతకుముందు 1934లో అదే ప్రభుత్వం ముస్లింలకు 25 శాతం, మిగతా మైనారిటీలకు 8⅓ శాతం ఇచ్చి, మనకు మాత్రం అంకె వేయలేదు. కారణం? సరిపడా అర్హులు లేరట.

ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చేత్తో నిపుణుల సంస్థలు కడుతున్నాడు, ఇంకో చేత్తో ఆ సంస్థల్లో కూచోవడానికి మన పిల్లలను తయారుచేయమని అడుగుతున్నాడు. ఆయన దృష్టిలో నైపుణ్యం, ప్రాతినిధ్యం ఒకే పనికి రెండు వైపులు. తర్వాత వచ్చిన పాలకులు మొదటి దాన్ని వారసత్వంగా తీసుకున్నారు. రెండోదాన్ని మొదటిదానికి శత్రువుగా నిలబెట్టారు.

రుజువు కావాలా? 1974 మార్చిలో నీటి చట్టం వచ్చింది. మెంబర్ సెక్రటరీకి శాస్త్రీయ, ఇంజినీరింగ్, నిర్వహణ అర్హతలు ఉండాలంది. ఆ మరుసటి ఏడాది, 1975 జూన్‌లో, కేంద్ర సిబ్బంది శాఖ ఒక మెమో ఇచ్చింది. పరిశోధన చేసే, నడిపించే శాస్త్ర సాంకేతిక పోస్టుల్లో గ్రూప్ ఏ అట్టడుగు గ్రేడు దాటి పైనున్న వాటికి రిజర్వేషన్ మినహాయించవచ్చని. అది కేంద్రం పోస్టులకు వర్తించేదే, రాష్ట్ర బోర్డులకు నేరుగా కాదు. అయినా గాలి ఎటు వీచిందో తెలుస్తుంది. 1992 మండల్ తీర్పులో (ఇంద్రా సాహ్నీ కేసు) కూడా కొన్ని సాంకేతిక, పరిశోధనా పోస్టులకు రిజర్వేషన్ మంచిది కాదన్న మాట చేరింది. 1934 నాటి "అర్హులు లేరు" అన్న మాటే, వేరే చొక్కా తొడుక్కుని తిరుగుతోంది.

మన రాష్ట్రానికి వద్దాం. నీరు రాష్ట్రాల జాబితాలోని విషయం కాబట్టి పార్లమెంటు ఈ చట్టాన్ని 252 అధికరణ దారిలో చేసింది. కొన్ని రాష్ట్రాల శాసనసభలు అడిగితే వాటికోసం చేసి, మిగతావి తీర్మానం పెట్టి తీసుకునేలా. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976 జనవరిలో ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణకు వేరే మండలి వచ్చింది. ఉద్యోగుల సంగతి సెక్షన్ 12లో ఉంటుంది. అవసరమైన ఉద్యోగులను బోర్డే నియమించుకోవచ్చు. నియామక పద్ధతి, జీతాలు బోర్డు రాసుకునే నిబంధనల ప్రకారం. కానీ ఆ నిబంధనలను ప్రభుత్వం ఆమోదిస్తే తప్ప అమల్లోకి రావు. ఫ్యాక్టరీలను పిలిచి రాయితీలిచ్చేది ఆ ప్రభుత్వమే, వాటిని తనిఖీ చేసేవాళ్ల పోస్టులకు తాళం చెవి కూడా ఆ ప్రభుత్వం జేబులోనే.

ఇదంతా ఎవరికీ తెలియకా? 1984లో భట్టాచార్య కమిటీ బోర్డుల్లో సాంకేతిక, శాస్త్రీయ, న్యాయ, శిక్షణ విభాగాలు ఎలా ఉండాలో చెప్పింది. 1990లో బెల్లియప్ప కమిటీ నియామక విధానం మార్చి తగిన చదువున్నవాళ్లను తీసుకోమని, చైర్మన్‌ను, మెంబర్ సెక్రటరీని కనీసం మూడేళ్లు కదపొద్దని చెప్పింది. 1994లో మన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కూడా అధ్యయనం చేసింది. కమిటీలకు కొదవ లేదు.

మరి మనిషి లేకపోతే నేల మీద ఏమవుతుంది? సెక్షన్ 21 చూడండి. నీటి నమూనా కోర్టులో సాక్ష్యం కావాలంటే దాన్ని బోర్డు అధికారి తీయాలి. ఫ్యాక్టరీ వాళ్లకు అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. వాళ్ల ముందే రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు చేయించి ల్యాబుకు పంపాలి. మీరు, నేను సీసాలో పట్టుకెళ్లిన నీళ్లు ఎంత నల్లగా ఉన్నా ఈ సెక్షన్ కింద అవి సాక్ష్యం కావు. వాసన చూపించొచ్చు, ఫొటో పెట్టొచ్చు, ధర్నా చేయొచ్చు. నమూనా తీసే చెయ్యి మాత్రం ప్రభుత్వానిదే. ఆ చెయ్యి లేకపోతే కాలుష్యం లేనట్టే.

పటాన్‌చెరు దీనికి పెద్ద ఉదాహరణ. 1970ల నుంచి మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు వరుసగా వచ్చాయి. నక్కవాగు, ఇసుకవాగు వెంట ఊళ్ల పొలాలు, బావులు పాడయ్యాయి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాలు పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు మెదక్ జిల్లా జడ్జితో నష్టం లెక్క వేయించింది, పరిహారం ఇమ్మంది. 2001లో కేసును హైకోర్టుకు పంపింది. పరిహారం లెక్క ఎకరాల్లో వేశారు. ఎకరం లేనివాళ్ల చర్మానికి, పొట్టకు, చచ్చిన గొడ్డుకు ఏ యూనిట్‌లో లెక్క వేయాలి? అది ఇంకో భాగంలో రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే ఆగదు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధనా పత్రం అచ్చువేశారు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి అయ్యాక వచ్చిన నీళ్లివి, గుర్తుంచుకోండి. ఆ శుద్ధి కేంద్రం మొదలై అప్పటికే పదేళ్లు దాటింది. మన వాగులో ఏముందో చెప్పడానికి స్వీడన్ నుంచి ఎందుకు రావాల్సి వచ్చింది? వ్యర్థజలాల ప్రమాణాల్లో యాంటీబయాటిక్ అనే గడే లేదు కాబట్టి. గడి లేనిదాన్ని ఉన్న కొద్దిమంది సిబ్బంది ఎందుకు కొలుస్తారు? 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో ఆ గడి పెట్టింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి తీసేసింది.

అదే బోర్డు గట్టిగా నిలబడ్డ కథ కూడా ఒకటుంది. న్యాయంగా అదీ చెప్పాలి. హైదరాబాద్‌కు నీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లలోపు కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో జీవో 111 వచ్చింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్ దగ్గర ఒక ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టాలని కంపెనీ వచ్చింది. 1997లో రాష్ట్ర ప్రభుత్వమే దానికి మినహాయింపు ఇచ్చింది. బోర్డు మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ వాడే నికెల్ లాంటివి భూమిలోకి ఇంకి చెరువుల్లో చేరతాయన్నది భయం. కంపెనీ అప్పీలు అథారిటీకి వెళ్లి గెలిచింది. చివరికి కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1999లో, మళ్లీ 2000లో తీర్పులు రాసిన జస్టిస్ ఎం. జగన్నాధరావు తెలుగువారే. ఎ.పి. కాలుష్య మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు. లా విద్యార్థులకు ముందుజాగ్రత్త సూత్రం కోసం ఈ కేసు పాఠంగా చెబుతారు.

నేను వేరే కారణానికి చదవమంటాను. పర్యావరణ అప్పీళ్లు వినే కుర్చీల్లో ఎవరు కూచున్నారో 1999 తీర్పు ఆరా తీసింది. కొన్ని రాష్ట్రాల్లో కేవలం బ్యూరోక్రాట్లు. మన దగ్గర రిటైర్డ్ జడ్జి, పక్కన సాంకేతిక నిపుణుడు లేడు. జడ్జీలతోపాటు నిపుణులూ ఉండాలని కోర్టు గట్టిగా చెప్పింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చినప్పుడు ఆ రెండు రకాల సభ్యులూ ఉండటం వెనక ఈ తీర్పు ఉంది. అంటే ఒక సిబ్బంది ప్రశ్న నుంచి ఒక కోర్టే పుట్టింది.

నాకు ఇంకో సంగతి కూడా కనబడుతుంది. ఒకే బోర్డు, ఒకే దశాబ్దం. నగరం తాగే చెరువు దగ్గర ప్రభుత్వాన్ని కూడా ఎదిరించింది. పల్లెలు తాగే వాగు దగ్గర కేసులు ఏళ్ల తరబడి నలిగాయి. ఉద్యోగులు ఎంతమంది ఉన్నారన్నది ఒక ప్రశ్న. వాళ్ల కళ్లకు ఎవరి నీళ్లు నీళ్లలా కనబడతాయన్నది రెండో ప్రశ్న. నిపుణుడు ఉంటే చాలు, ఏ వాడ నుంచి వస్తే ఏంటి అనే మిత్రులు ఈ రెండు వాగులకూ రెండు చెరువులకూ మధ్య తేడా నాకు చెప్పాలి.

2016 ఆగస్టులో హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర బోర్డుల నియామకాల మీద పెద్ద ఉత్తర్వే ఇచ్చింది. అర్హత లేని రాజకీయ నాయకులు, అదనపు బాధ్యతగా కూచున్న అధికారులు చైర్మన్లుగా ఉన్నారని తేలింది. 2017 జూన్‌లో పది రాష్ట్రాల చైర్మన్లను పని ఆపమంది. అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు టెచి టాగి తారా కేసులో, ట్రిబ్యునల్‌కు అంత అధికారం లేదని ఆ ఉత్తర్వును కొట్టేసింది. అయితే నియామకాలు సరిగా లేవన్న మాటను ఒప్పుకుని, ఆరు నెలల్లో అర్హతల నిబంధనలు రాసుకోమని రాష్ట్రాలకు చెప్పింది.

2024 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. రాష్ట్ర బోర్డు చైర్మన్ నామినేషన్ ఎలా జరగాలో ఇక కేంద్రం నిబంధనలు రాస్తుంది. కొన్ని రకాల పరిశ్రమలకు అనుమతి నుంచే మినహాయింపు ఇవ్వొచ్చు. చాలా నేరాలకు జైలు పోయి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా వచ్చింది. మొదట హిమాచల్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు. మిగతా రాష్ట్రాలు తీర్మానం చేసి తీసుకోవాలి. పై కుర్చీ ఢిల్లీ వైపు జరిగింది. కింది కుర్చీల గురించి ఆ సవరణ ఏమీ అనలేదు.

కింది కుర్చీల సంగతి ఢిల్లీలోనే బయటపడింది. ఢిల్లీ కాలుష్య కమిటీలో మంజూరైన 204 పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ అని 2025లో సుప్రీంకోర్టు ముందు తేలింది. ఢిల్లీ, యూపీ, హర్యానా, రాజస్థాన్, పంజాబ్ 2025 ఏప్రిల్ 30లోగా ఖాళీలు నింపాలని అంతకుముందే గడువు పెట్టింది కోర్టు. నింపలేదు. మే నెలలో ధిక్కార నోటీసులు వెళ్లాయి. ఏటా చలికాలం పొగ మీద గంటల కొద్దీ చర్చలు పెట్టే రాజధానిలో పరిస్థితి ఇది.

ఇక్కడే మన విద్యార్థులు పట్టుకోవాల్సిన ముడి ఉంది. రిజర్వేషన్ రోస్టర్ పోస్టుకు కట్టుబడి ఉంటుందని 1995లో సబర్వాల్ కేసులో తేలింది. పోస్టు నింపితేనే ఆ పాయింటు మీద మన అభ్యర్థి కూచుంటాడు. నోటిఫికేషనే ఇవ్వకపోతే? రిజర్వేషన్ రద్దు చేసినట్టు ఒక్క జీవో కూడా రాయనక్కర్లేదు. అన్నీ అమల్లోనే ఉంటాయి, ఉద్యోగం మాత్రం ఉండదు. ఆ పనిని డిప్యుటేషన్ మీద ఒకరు, ఔట్‌సోర్సింగ్ మీద ఇద్దరు నెట్టుకొస్తారు. ఔట్‌సోర్సింగ్‌లోనూ రిజర్వేషన్ పాటిస్తున్నామని చెప్పే ప్రభుత్వాలున్నాయి. సరే, కానీ వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తెలియని కుర్రాడు ఎమ్మెల్యే బంధువు ఫ్యాక్టరీ గేటు దగ్గర నమూనా సీసాకు సీలు వేయగలడా?

తెలంగాణ 2014లోనే టీఎస్ ఐపాస్ చట్టం చేసింది. పరిశ్రమ అనుమతులకు గడువులు పెట్టింది, ఆలస్యం చేసిన అధికారికి జరిమానా పెట్టింది. ఫైలు కదలకపోతే జరిమానా ఉంది. పోస్టు నింపకపోతే జరిమానా పడే అధికారి ఎవరైనా ఉన్నారా?

1924లోనే మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు మనది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి దోసిలి పట్టేదాకా నీళ్లు మనవి కాలేదు. అప్పుడు చెరువుకు కాపలా ఉన్నది కులం. ఇప్పుడు వాగుకు కాపలా ఎవరూ లేరు. ఫలితం మన వాడకు పెద్ద తేడాగా లేదు, మనం ఉండేది ఊరికి దిగువనే కాబట్టి.

కాబట్టి ఈ వారం పని. మీ జిల్లా కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయానికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. మంజూరైన పోస్టులు కేడర్‌వారీగా ఎన్ని, ఎన్ని నిండాయి, ఎన్ని డిప్యుటేషన్, ఎన్ని ఔట్‌సోర్సింగ్. రోస్టర్ రిజిస్టర్ నకలు. ఎస్సీ, ఎస్టీ బ్యాక్‌లాగ్ ఎంత. పోయిన మూడేళ్లలో ఏ ఫ్యాక్టరీ నుంచి ఎన్నిసార్లు సెక్షన్ 21 కింద నమూనాలు తీశారు. నాలుగు నెలలు దాటి అనుమతి వచ్చినట్టే లెక్కయిన దరఖాస్తులు ఎన్ని. ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. బోర్డు సభ్యుల జాబితా, ఎవరు ఏ ప్రయోజనం తరఫున నామినేట్ అయ్యారన్నది రాష్ట్ర కార్యాలయాన్ని అడగాలి. జవాబులు వస్తే ఈ పోస్టు కింద పెట్టండి, జిల్లాలవారీగా పట్టిక కడదాం.

1988 సవరణతో సెక్షన్ 49లో మనకూ ఒక తలుపు తెరిచారు. 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయొచ్చు, అప్పుడు బోర్డు తన దగ్గరున్న నివేదికలు ఇవ్వాలి. 2024 సవరణ తీసుకున్న రాష్ట్రాల్లో శిక్షల భాగం మారింది, కాబట్టి ముందు మీ రాష్ట్రంలో ఏ రూపం అమల్లో ఉందో చూసుకోండి. ఆ నోటీసు ఎలా రాయాలో, ఎక్కడ సాకులు చెప్పి వెనక్కి పంపుతారో 7వ భాగంలో.